తవుడు చేపలకు, తెల్లన్నం మనకు

ఈ మధ్య రేపల్లె దగ్గర ఒక ఊళ్లో సంఘం సమావేశం అయ్యాక అందరం భోజనాలకు కూర్చున్నాం. అన్నం బేసిన్ పట్టుకుని వడ్డించే కుర్రాడు వరస మొదలుపెట్టాడు. నా పక్కనున్నాయన నలభై ఏళ్లుగా వరి వేస్తున్న మనిషి. విస్తరాకు మీద చెయ్యి అడ్డంపెట్టి "నాకు గరిటెడు చాలయ్యా, షుగరు" అన్నాడు. అదే వరసలో అదే మాట ఇంకో ముగ్గురి నోట విన్నాను. ఒకాయన చొక్కాజేబులోంచి మాత్ర తీసి ముందే వేసుకున్నాడు. బయట చూస్తే కనుచూపు మేర కోతకొచ్చిన వరిచేలు. ఆ రోజు నుంచి ఈ సంగతి మన పత్రికలో రాయాలనుకుంటున్నాను.

గిట్టుబాటు ధర, కాలవ నీళ్లు, కౌలు కార్డులు, పంటల బీమా. మనం ఎప్పుడూ వీటి గురించే రాసుకుంటాం. రాసుకోవాల్సిందే. తిండి సంగతి మాత్రం ఇంట్లో ఆడవాళ్లదీ, ఆస్పత్రిలో డాక్టర్లదీ అని వదిలేశాం. ఇప్పుడు తలా ఒక మాట చెబుతున్నారు. టీవీలో ఒకాయన వరి అసలు మానేయమంటాడు. ఫోన్లో ఇంకొకాయన కొర్రలు, అరికెలు తప్ప ఏదీ తినొద్దంటాడు. పండించే మనమేమో తలూపి, మన పంటను మనమే అనుమానంగా చూస్తున్నాం.

నేను డాక్టర్ని కాను. నా మాట ఒక్కటే. అన్నాన్ని తిట్టే ముందు వడ్లగింజకు కళ్లం నుంచి కంచం దాకా ఏం జరుగుతోందో చూడాలి. చేటు ఎక్కువగా అక్కడే జరుగుతోంది. ఆ దారి మొత్తాన్ని మనం ఇతరుల చేతికి వదిలేశాం. ఇది ఈ రోజు కొత్తగా వచ్చిన సమస్య కూడా కాదు. నూరేళ్ల కిందట ఇదే డెల్టాలో ఇంతకన్నా పెద్ద దెబ్బ తిన్నాం.

మన జబ్బుతో పుట్టిన సంస్థ

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశంలో ఎవరేం తినాలో చెప్పే సంస్థ అది. అది పుట్టింది హైదరాబాదులో కాదు. 1918లో తమిళనాడులోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. అప్పుడు దాని పేరు బెరిబెరి విచారణ విభాగం. 1928లో పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు.

బెరిబెరి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ముందు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిక్కలు పీకుతాయి. మోకాళ్లలో పట్టు పోయి కూర్చున్నవాడు లేవలేడు. కొందరికి కాళ్లు, ఒళ్లు వాచి గుండె దెబ్బతిని ప్రాణం పోతుంది. తల్లికి ఆ లోపం ఉంటే పాలు తాగే బిడ్డకూ వస్తుంది. అంతదాకా బాగానే ఉన్న రెండు మూడు నెలల పసికందు గంటల్లో చనిపోయేది.

ఆ రోజుల్లో మన దేశంలో ఈ జబ్బుకు పెద్ద నెలవు ఏదో తెలుసా? మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారులు. అంటే మన కోస్తా జిల్లాలు. తమిళులూ అన్నమే తింటారు, మలయాళీలూ అన్నమే తింటారు, బెంగాలీలూ అన్నమే తింటారు. వాళ్లను పెద్దగా తాకని జబ్బు మనల్నే ఎందుకు పట్టుకుంది?

తేడా ధాన్యాన్ని తయారుచేసే తీరులో ఉంది. ఆ ప్రాంతాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లు. వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి ఆ తరవాత దంచడమో ఆడించడమో చేసేవాళ్లు. నానేటప్పుడు, ఉడికేటప్పుడు పైపొరలో ఉన్న బి-1 విటమిన్ నీటితో పాటు గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరవాత పాలిష్ పట్టినా చాలా భాగం నిలుస్తుంది. మనం తినేది పచ్చి బియ్యం. రోకలి దంపుడు ఉన్నన్నాళ్లు గింజ మీద కొంత పొర మిగిలేది. డెల్టా పట్నాల్లో మిల్లులు లేచాక ఆ పొర కూడా తవుడుతో పాటు బయటికి పోయింది. మిగిలిన కాస్తలో సగం దాకా బియ్యం కడిగిన నీళ్లలో పోయింది. గంజి వార్చిన ఇంట్లో ఇంకాస్త కుడితిలోకి పోయింది.

ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. అంతకుముందే జావా దీవిలో ఐక్‌మన్ అనే డాక్టరు పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం చూశాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశపు బియ్యంతో ఆ లెక్క తేల్చినవాళ్లు కూనూరులో మెక్‌కారిసన్, ఆయన తరవాత వచ్చిన ఐక్రాయిడ్. పోషకాహార సంస్థ అచ్చువేసిన పాత పట్టికలు చూడండి. 100 గ్రాముల బియ్యంలో బి-1 ఎంతంటే, మిల్లు పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో 0.06 మిల్లీగ్రాములు, దంపుడు పచ్చి బియ్యంలో 0.21, మిల్లు ఆడించిన ఉప్పుడు బియ్యంలో కూడా 0.21, దంపుడు ఉప్పుడు బియ్యంలో 0.27. ఒకే వడ్లు, ఒకే చేను. చేతికొచ్చే బియ్యంలో మాత్రం మూడు నాలుగు రెట్ల తేడా.

పప్పు, కూర, పాలు, చేప ఉన్న ఇళ్లకు ఈ జబ్బు పెద్దగా రాలేదు. అన్నంలోకి ఊరగాయో మిరపకాయో తప్ప వేరే గతిలేని కూలి ఇళ్లను పట్టుకుంది. కూడు మారిన కొద్దీ, విటమిన్ మాత్రలు వచ్చిన కొద్దీ బెరిబెరి పోయింది. మనం దాన్ని మరిచిపోయాం. ఆ జబ్బుకు కారణమైన తెల్ల బియ్యం మాత్రం పోలేదు. ఇంకా తెల్లబడింది.

ఒక బస్తా వడ్లలో ఎవరి వాటా ఎంత

75 కిలోల వడ్లు ఆడిస్తే ఊక 15 కిలోలు పైనే పోతుంది. ప్రభుత్వం మిల్లర్ల నుంచి పచ్చి బియ్యం తీసుకునే లెక్క నూటికి 67. అంటే బస్తాకు 50 కిలోల బియ్యం. ఆరేడు కిలోల దాకా తవుడు. ఆ తవుడులో గింజ తాలూకు నూనె, పీచు, బి విటమిన్లు, ఇనుములో చాలా భాగం, మొలకెత్తే కొన ఉంటాయి. మనకు దక్కే 50 కిలోల్లో దాదాపు అంతా పిండిపదార్థం, కాస్త మాంసకృత్తులు.

తవుడు ఎక్కడికి పోతుంది? నూనె మిల్లుకు. నూనె తీశాక మిగిలింది చేపల చెరువులకు, కోళ్లకు, పశువుల దాణాకు. పాడిగేదెకు తవుడు కలిపి పెడితే నిగనిగలాడుతుందని మనకు తెలుసు. అదే తవుడు ఇంట్లో పిల్లల కంచంలో నూటికి రెండు పాళ్లన్నా ఉండాలని మాత్రం అనుకోం. ఆ తవుడుతో తీసిన నూనె గుండెకు మంచిదని సీసాలో పోసి అమ్మితే మళ్లీ మనమే కొంటున్నాం.

కడుపులో జరిగేది

పిండిపదార్థం అంటే చక్కెర కణాల గొలుసు. నోట్లో నములుతుండగానే అది తెగడం మొదలవుతుంది. చిన్నపేగులో పూర్తిగా తెగి రక్తంలోకి చక్కెరగా ఎక్కుతుంది. అందరి బియ్యమూ ఆఖరికి చక్కెరే అవుతుంది. ఎంత వేగంగా అవుతుంది, ఎంత మోతాదులో అవుతుంది అన్నదే అసలు తేడా.

పొర తీసేస్తే వేగం పెరుగుతుంది. మెత్తగా పిండి పడితే ఇంకా పెరుగుతుంది. గింజగా వండిన జొన్నన్నం నెమ్మదిగా అరిగితే, అదే జొన్నను మెత్తని పిండిచేసి పల్చటి జావ కాచి తాగితే తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. రాగిజావ తాగుతున్నాం కాబట్టి షుగరు రాదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అన్నం మెత్తగా చిమిడిపోయేలా వండినా అంతే. పప్పు, ఆకుకూర, పెరుగు, కాస్త నూనె కలిసిన ముద్ద నెమ్మదిగా అరుగుతుంది. ఉత్త అన్నంలో చారు పోసుకుని జుర్రితే వేగంగా అరుగుతుంది.

అరగకుండా మిగిలే భాగం కూడా ఉంటుంది. పీచు, ఇంకా చల్లారిన అన్నంలో గట్టిపడే కొంత పిండి, పెద్దపేగు దాకా వెళతాయి. అక్కడున్న సూక్ష్మజీవులకు అవే తిండి. ఆ జీవులు తయారుచేసే ఆమ్లాలు పేగు గోడకు బలం. విరేచనం సాఫీగా అయ్యేది కూడా పీచు వల్లే. మూడు పూటలా తెల్లన్నం, తెల్ల ఇడ్లీ, తెల్ల ఉప్మా తినే ఇంట్లో మలబద్ధకం మందు చీటీలు ఎందుకు పేరుకుంటున్నాయో వేరే చెప్పక్కర్లేదు. మన పెద్దలు రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే చద్దన్నం తిని పొలం పోయారు. ఉల్లిపాయ నంజుకుని మజ్జిగ పోసుకుని తిన్న ఆ కూడు కడుపుకు చల్లగా ఉండేదంటే అందులో అర్థం ఉంది.

ఇక్కడ గొప్పలు పోకూడదు. ముడిబియ్యం మందేమీ కాదు. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 2.8 గ్రాములైతే ముడిబియ్యంలో 4.4. జొన్నలో 10 గ్రాములు దాటుతుంది. పొర ఉన్న బియ్యమైనా కంచం నిండా తింటే షుగరు పెరుగుతుంది. మోతాదు అసలు సంగతి. మనవాళ్లు తీసుకునే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి పెద్ద సర్వేలో తేలింది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించొద్దని పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో లెక్క వచ్చింది.

మా నాన్న తరం కూడా కంచం నిండా తిన్నదే కదా అని అడగొచ్చు. తిన్నారు. తెల్లారగట్ట నాగలి పట్టి, నారుమోపులు మోసి, పనలు కట్టి, కుప్పనూర్చి, బస్తాలు ఎత్తారు. ఇప్పుడు దమ్ముకు ట్రాక్టరు, కోతకు యంత్రం, పొలానికి బండి. ఒళ్లు చేసే పని సగానికి తగ్గింది, కంచం తగ్గలేదు. బియ్యం మీద ఉన్న పొర కూడా పోయింది. మూడూ కలిసి మన మీద పడ్డాయి.

వడ్లు అమ్మి బియ్యం కొంటున్న రైతు

ఇప్పుడు మన తప్పు దగ్గరికి వద్దాం. పదిహేనిరవై ఏళ్ల కిందటి దాకా తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో తిండిగింజలు కొనుక్కునే రైతు ఉంటే నామోషీగా ఉండేది. కోసి, పనలారబెట్టి, కుప్పవేసి, సంక్రాంతి దాటాక తీరిగ్గా నూర్చేవాళ్లం. కుప్పలోనే గింజ సగం పాతబడేది. ఇంటి తిండికి ఏడాది వడ్లు పురికట్టో గాదెలో పోసో ఉంచుకుని మిగతావి అమ్మేవాళ్లం. నెలకోసారి ఒక బస్తా ఊళ్లో మిల్లుకు వేసుకెళ్లి ఆడించుకునేవాళ్లం. నూకలు, తవుడు మన సంచిలోనే ఇంటికొచ్చేవి.

ఇప్పుడు యంత్రం పొలంలోనే గింజ రాలుస్తుంది. తేమ 17 శాతం మించితే కొనరు. ఆరబెట్టే చోటు లేక, వాన భయంతో, అప్పులవాడి భయంతో రోడ్డు మీదే కాటా పెట్టేస్తున్నాం. ఆ మరుసటి నెలలో కిరాణా కొట్టుకెళ్లి 26 కిలోల బస్తా తెచ్చుకుంటున్నాం. అది 26 కిలోలు ఎందుకో కూడా చూడండి. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారి ఒక కిలో పెంచి పన్ను తప్పించుకున్నాడు. ఆ బస్తా మీద సిల్కీ అని రాసి ఉంటుంది. అంటే మళ్లీ మళ్లీ పాలిష్ పట్టి నున్నగా చేసిన గింజ. అది మన చేలో పండినదే అయినా మనం గుర్తుపట్టలేం.

చిన్న లెక్క వేద్దాం. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర చొప్పున ఏడాదికి సుమారు 550 కిలోల బియ్యం. అంటే 11 బస్తాల వడ్లు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. బస్తాకు 1,777. పదకొండు బస్తాలకు మనకొచ్చేది 19,547 రూపాయలు, అదీ మద్దతు ధర పూర్తిగా దక్కితే. ఆ 550 కిలోల బియ్యం కొట్లో కిలో 50 రూపాయలకు కొన్నా 27,500. మధ్యలో పోయింది దాదాపు 8 వేలు. ఆడించిన కూలి తీసేసినా, మనకు మిగలాల్సిన నూకలు, తవుడు కలుపుకుంటే నష్టం మనదే. ఎకరానికి 30 బస్తాలు పండే చోట ఇంటి తిండికి కావలసింది 40 సెంట్ల లోపు పంట. ఆ కాస్త కూడా మిగుల్చుకోలేని స్థితికి వచ్చాం.

ఎదురయ్యే అభ్యంతరాలు

ముడిబియ్యం పురుగు పడుతుంది, నెల తిరక్కుండా ముక్కవాసన వస్తుంది అంటారు. నిజమే. తవుడు పొరలో నూనె ఉంటుంది. ఆడించగానే అది చెడడం మొదలవుతుంది. కొట్టువాడు పొర తీసేయడానికి ఇది ఒక కారణం. గోదాములో నెలల తరబడి ఉండాలి కదా. కానీ వడ్లుగా ఉంటే ఊక లోపల అది భద్రంగా ఉంటుంది. పదిహేను రోజులకోసారి, నెలకోసారి ఆడించుకోగల అవకాశం పట్నంవాడికి లేదు, మనకుంది. ఈ విషయంలో మనకున్న వసతి దేశంలో మరెవరికీ లేదు.

ఉడకదు, నమల్లేం, కడుపుబ్బరం అంటారు. పొర మొత్తం ఉన్నది ఒక్కసారిగా మొదలుపెడితే అంతే. ఒక్కసారి మాత్రమే పాలిష్ పట్టించి, రంగు కొంచెం మిగిలేలా ఆడించమని అడగండి. గంట రెండు గంటలు నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి వండండి. ముసలివాళ్లకు, అరుగుదల తక్కువున్నవాళ్లకు, జబ్బుపడి లేచినవాళ్లకు మామూలు బియ్యమే పెట్టండి. వాళ్లకు అదే మంచిది. కొత్త ధాన్యం ముద్దకట్టి కడుపులో బరువుగా ఉంటుంది కాబట్టి ఆరు నెలలన్నా పాతబడనివ్వండి. షుగరుకు మందులు వాడేవాళ్లు తిండి మార్చేటప్పుడు డాక్టరుకు చెప్పి మార్చండి.

చుట్టాలొస్తే ఎర్రటి అన్నం ఎలా పెడతాం అని మా ఇంట్లోనే అన్నారు. తెల్లదనానికి, గొప్పదనానికి ముడిపెట్టింది మనమే. సన్న గింజ వేరు, తెల్ల గింజ వేరు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, మనం బీపీటీ 5204 అని పిలుచుకునేది, దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో పేరు తెచ్చుకున్న సన్న రకం. తక్కువ పాలిష్‌తో కూడా అది సన్నగానే ఉంటుంది, రుచిగానే ఉంటుంది.

కౌలు రైతు ఏం దాచుకుంటాడు, మగతా బస్తాలు కొలవాలి, అప్పు కట్టాలి అంటారు. ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దీనికి ఇంట్లో జవాబు లేదు. సంఘంగా అడగాల్సింది ఇక్కడే ఉంది.

తీసేసి, మళ్లీ కలిపి

రేషన్ బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు కలుపుతామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. 2028 డిసెంబరు దాకా కొనసాగించేందుకు 17,082 కోట్ల రూపాయలకు కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 కలిపి మళ్లీ గింజ ఆకారం చేసి నూటికి ఒకటి చొప్పున కలపడం ఆ పథకం. కొన్ని ఊళ్లలో అవి ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేశారు. ప్లాస్టిక్ కాదు, పారేయకండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లకు ఇనుము ఏదో ఒక దారిలో అందాల్సిందే.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుజబ్బు తన అన్నదమ్ములను తీసుకుపోతే దాని అంతు చూడాలని అమెరికా దాకా వెళ్లిన మనిషి. ఆయన కనిపెట్టినదాన్ని నేను తక్కువ చేయడం లేదు. అడిగేది ఇంతే. ఆ తప్పనిసరి మూడింట్లో బి-1 లేదు, పీచు లేదు. గింజ మీద దేవుడిచ్చినట్టున్న పొరను కరెంటు ఖర్చుపెట్టి చెక్కేసి, వేల కోట్లు పోసి కొన్నిటిని మాత్రం తిరిగి కలపడం ఏ లెక్క ప్రకారం పొదుపు? పాలిష్ తగ్గిస్తే బియ్యం దిగుబడి కూడా పెరుగుతుంది కదా.

దంపుడు బియ్యం కోసం గాంధీ 1934 నుంచి రాశారు. 1958లో మిల్లులను అదుపుచేసి దంపుడును కాపాడతామని పార్లమెంటు చట్టం చేసింది. 1997లో దాన్ని రద్దు చేశారు. మళ్లీ రోళ్లు, రోకళ్లు తెమ్మని నేను అనను. ఆ రోకలి బరువు ఆడవాళ్ల భుజాల మీదే పడింది. అది పోవడం మంచిదే. ఇవాళ రబ్బరు రోలర్ల చిన్న మిల్లు ఊక మాత్రమే తీసి ఇవ్వగలదు.

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి మండలంలో కనీసం ఒక సహకార సంఘానికి చిన్న మిల్లు, ధాన్యం ఆరబెట్టే యంత్రం ఇవ్వాలి. రైతులు, కౌలు రైతులు, కూలీలు తమ వడ్లు తెచ్చుకుని తమకు కావలసినంత పాలిష్‌తో ఆడించుకునే వీలుండాలి. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పంటకోత అనంతర సాంకేతిక కేంద్రం ఉంది. ఆ పరిజ్ఞానం మన ఊళ్లకు రావాలి.

రెండు. కౌలు రైతు ఇంటి తిండికి ఉంచుకునే ధాన్యాన్ని సంఘం గోదాములో అద్దె లేకుండా నిల్వచేసుకునే వసతి కావాలి.

మూడు. 2025 జూన్ నుంచి బడులకు, హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పని. అందులో కొంత తక్కువ పాలిష్ బియ్యం, వారంలో ఒక పూట జొన్న ఉండాలి. 2024 నుంచి రాష్ట్ర పౌర సరఫరాల శాఖ తెనాలి శాసనసభ్యుడు నాదెండ్ల మనోహర్ చేతిలో ఉంది. ఈ మాట ఆయనకు చెప్పడానికి మనం దూరం పోనక్కర్లేదు. ఒక మండలంలో మొదలుపెట్టి చూపమని అడుగుదాం.

నాలుగు. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మన సాంబ మసూరినే మెరుగుపరిచి 2008లో విడుదల చేసిన రకం ఒకటుంది. బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకుంటుంది. రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందని పరీక్షల్లో తేలింది. దాని సూచిక 51 దగ్గర ఉంది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. ఇలాంటి రకాలకు విత్తనం అందించి, పండించిన రైతుకు అదనపు ధర ఇవ్వాలి. పట్నం దుకాణంలో షుగరు బియ్యమని రెట్టింపు ధరకు అమ్మితే అందులో రైతు వాటా ఎంతో తేల్చాలి.

అయిదు. వరి తరవాత వేసే మినుము, పెసర, జొన్నలను మద్దతు ధరకు కొనాలి. అన్నం తగ్గించి పప్పు పెంచమని చెప్పే ప్రభుత్వం, ఆ పప్పు పండించేవాడికి ధర లేకుండా చేయకూడదు. మన మాగాణి మినుములు, మన బియ్యం కలిసి పులిస్తేనే ఇడ్లీ, అట్టు. పులవడం వల్ల గింజలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అరుగుదలా సులువు. అలాగని పది ఇడ్లీలు తినమని కాదు.

వీటికోసం ప్రభుత్వాన్ని అడుగుతూనే, ఈ సార్వాకు ఒక పని మన చేతుల్లో ఉంది. కాటా పెట్టే ముందు ఇంటికి ఎన్ని బస్తాలు కావాలో ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేయండి. కనీసం నాలుగు బస్తాలన్నా ఆరబెట్టి పక్కన పెట్టండి. ఊరికి పదిమంది కలిసి ఒక మిల్లు చూసుకోండి. మేం పదకొండు ఇళ్లవాళ్లం కిందటేడు ఇలాగే మొదలుపెట్టాం. మొదటి నెల పిల్లలు మొహం చిట్లించారు. మిల్లువాడు "ఇదేం బియ్యం బాబాయ్, పాలిష్ సరిగా పడలేదంటారు నన్ను" అని నవ్వాడు. ఇప్పుడు అడక్కుండానే ఆడిస్తున్నాడు. మా ఇంట్లో అన్నం ముద్ద చిన్నదైంది, కూర గిన్నె పెద్దదైంది. గేదెకు వేసే తవుడు మా వడ్లదే.

వచ్చే సమావేశంలో భోజనాలకు అదే బియ్యం పంపుతాను. వండి చూడండి. మొన్న నా పక్కన కూర్చున్నాయన ఆ రోజు కూడా గరిటెడే తింటాడు. తినాల్సింది కూడా అంతే. కాకపోతే ఆ గరిటెడూ తన చేలో గింజ అయి ఉండాలని నా కోరిక.